మరల జీనునకు వచ్చిన గుఱ్ఱము

శిశుపోషణమును, వంటకములును, నోములును, అల్లికపనులును గూర్చి చదువ నలవడిన మీకు ఈ మాసమున నేనొక గుఱ్ఱమును గూర్చి వ్రాయబూనుట వింతగా తోచవచ్చును. "గుఱ్ఱముల గొడవ మగవారికి గాని మనకేల?" యని మీరనవచ్చును. ఏడాది క్రిందటివరకు నేనును అట్లే తలచుచుంటిని. కాని గాయపడి, శస్త్రచికిత్స పొంది, తొమ్మిదినెలలపాటు సాలలో నుండిన ఒక గుఱ్ఱమును మరల పనికి తెచ్చినది మా వీధిలోని ఒక యిల్లాలు. ఆమె చేసిన పరిచర్యను నేను దినదినమును కన్నులార జూచితిని. అందు మన యిండ్లలోని రోగులకును, బాలింతలకును, మనకును వర్తించు సంగతులు పెక్కులు కలవని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా తణుకు పట్టణమున ఒకప్పుడు రైలుస్టేషను ముందర జట్కాలు బారులు తీర్చి యుండెడివని మా అత్తగారు చెప్పుదురు. నిడదవోలు మీదుగా వచ్చు బండి దిగినవారిని ఊరిలోనికిని, చుట్టుపట్ల గ్రామములకును చేర్చునవి ఆ జట్కాలేయట. ఆటోలు వచ్చిన పిదప జట్కాలు పోయినవి. ఇప్పుడు గుఱ్ఱము మాకు కానవచ్చునది చాలవరకు పెండ్లి ఊరేగింపులలోనే. మా వీధి చివరనున్న కుటుంబమువారి తాతగారు జట్కా తోలినవారే. మనుమడు ఒక తెల్లని ఆడుగుఱ్ఱమును సాకి, దానికి జలతారు జీను వేసి, పెండ్లికుమారులను ఊరేగించి జీవనము చేయుచున్నాడు. దాని పేరు గౌరి. ఇద్దఱు పిల్లల చదువును, ఇంటి అద్దెయు, పండుగబట్టయు సమస్తమును గౌరి నాలుగు కాళ్లమీదనే నడచుచుండెను.

నిరుటి కార్తికమాసమున, బహుళపక్షములో, ఒక ఊరేగింపు ముగించుకొని కాలువగట్టు మీదుగా ఇంటికి వచ్చుచుండగా ఎవరో ప్రక్కనే టపాకాయల సరము కాల్చిరి. గౌరి బెదరి, పగ్గము త్రెంపుకొని పరుగెత్తి, తోటకు కట్టిన ముండ్లతీగలో వెనుక కుడికాలు చిక్కించుకొనెను. గుఱ్ఱము కాలు చిక్కినప్పుడు ఆవువలె నిలువక గుంజుకొనునదట. ఆ గుంజుకొనుటలో మడమకీలునకు దిగువను, ఎముక ముందుభాగమున జానెడు మేర చర్మము చీలి, లోపలి స్నాయువు తెగినది. జనులు దానినే నరము తెగెననిరి. రాత్రి రెండుజాములవేళ ఆ యిల్లాలు మా తలుపు తట్టి, "అమ్మగారూ, పాతచీర ఏదన్నా ఉంటే ఇవ్వండి, నెత్తురు ఆగట్లేదు" అని యేడ్చినది నాకిప్పటికిని వినిపించుచునే యున్నది.

గాయమును శుభ్రమైన వస్త్రముతో గట్టిగా నొక్కి కట్టుటయు, పసుపు గాని, బూడిద గాని, కిరసనాయిలు గాని పోయకుండుటయు ఆ రాత్రి జరిగిన మంచిపనులు. పసరు పోయుమని చెప్పినవారు లేకపోలేదు. మావారు బడిలో పిల్లలకు ప్రథమచికిత్స చెప్పువారగుటచే వలదని వారించిరి. తెల్లవారకముందే పశువైద్యులు వచ్చి మొట్టమొదట ధనుర్వాతమునకు సూది వేసిరి. జంతువులలో గుఱ్ఱమునకు ధనుర్వాతభయము మిక్కిలి యధికము. మట్టిలోను లద్దెలోను ఆ క్రిమి నిత్యము నుండును. పిదప వారి మాటపై గౌరిని లారీలో నెక్కించి పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోయిరి.

గుఱ్ఱమునకు శస్త్రచికిత్స యనగా మనకు చేసినట్లు కాదు. పూర్తిగా మత్తిచ్చి పడుకొనబెట్టినచో, లేచునప్పుడు అది తూలి, భయపడి, బాగున్న కాలును గూడ విఱుగగొట్టుకొనవచ్చును. కడుపునొప్పి మొదలగు పెద్ద ఆపదలు లేని గుఱ్ఱములలో సహితము పూర్తిమత్తువలన నూటికి సుమారు ఒకటి చనిపోవునని లెక్కలు చెప్పుచున్నవి. మనుష్యులలో ఇంత యపాయము లేదు. అందుచే వైద్యులు గౌరిని నిలువబెట్టియే, సగము మత్తునిచ్చి, కాలునకు మాత్రము స్పర్శ లేకుండ సూదులు వేసి, చచ్చిన కండను తొలగించి, గాయమును కడిగి, కుట్లు వేసి, గిట్టనుండి మడమకీలువరకు గట్టి కట్టు కట్టిరి. "తెగినది కాలి ముందువైపు స్నాయువు గనుక ఆశ కలదు. వెనుకవైపుది తెగియుండిన మాట వేఱు" అని వారు సెలవిచ్చిరట. కాలివెనుకనున్న స్నాయువులు శరీరభారమును మోయును. ముందున్నవి గిట్టను ముందునకు విసరుటకు మాత్రమే. అవి తెగినను, కొన్నినెలలకు గుఱ్ఱము కాలు విసరుటకు క్రొత్తదారి నేర్చుకొనును.

అంతవరకు వైద్యుని పని. అటుపిమ్మటి పని యంతయు ఇంటిది. ఇంటిపని యనగా ఎవరిదో మీకు నేను చెప్పనక్కఱలేదు.

వైద్యులు ఆఱువారములు సాల వెలుపలికి రానీయవలదనిరి. ఊరకనుండుట అలవాటులేని జంతువును ఊరకనుంచుటలో ఎన్ని చిక్కులున్నవో అప్పుడు తెలిసినది. మొదటి చిక్కు ఆహారము. పనిచేయు గుఱ్ఱమునకు ఉలవలును తవుడును బలము. పనిలేని గుఱ్ఱమునకు అవియే విషము. విశ్రాంతిలో నున్నప్పుడు దాణా తగ్గింపక పెట్టినచో కండలు పట్టుకొనిపోవుటయు, గిట్టలలో వాపు పుట్టుటయు, కడుపునొప్పి వచ్చుటయు కలదు. గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. దాని పొట్ట శరీరమును బట్టి చూడ మిక్కిలి చిన్నది. కావున ఒక్కమాఱుగా గంపెడు పెట్టరాదు. కొంచెము కొంచెముగా పలుమాఱులు పెట్టవలెను. ఆ యిల్లాలు ఉలవలను వారము పదిదినములలో క్రమముగా తగ్గించి, గరికయు పచ్చగడ్డియు కోసి తెచ్చి, దినమునకు ఆఱుమాఱులు వేయుచుండెను. దినమునకు ఇరువదియైదు మొదలు నలువది లీటర్లవరకు నీరు త్రాగు జంతువది. త్రాగిన బిందెలను ఆమె గోడమీద బొగ్గుతో గీతలు గీచి లెక్కించెడిది. నీరు తగ్గినచో లద్దె గట్టిపడును, లద్దె గట్టిపడినచో ప్రాణాపాయము.

రెండవ చిక్కు బాగున్న కాలు. నొచ్చిన కాలిని మోపక గుఱ్ఱము భారమునంతయు రెండవ కాలిపై వేయును. కొన్ని వారములకు ఆ మంచికాలి గిట్టలోపలి పొర వాచి చెడును. గాయమువలన చావని గుఱ్ఱము దీనివలన చచ్చుట కలదు. అమెరికా దేశమున బార్బరో యను పందెపు గుఱ్ఱము కథ యిట్టిదే. అది 2006 మే నెల మొదటివారమున కెంటకీ డెర్బీ యను గొప్ప పందెమును గెలిచి, రెండు వారములకు మఱియొక పందెములో వెనుక కుడికాలు విఱుగగొట్టుకొన్నది. పెన్సిల్వేనియాలోని పశువైద్యశాలలో లోహపుపలకను ఇరువదియేడు మరలతో బిగించి ఆ కాలును నిలిపిరి. దేశమంతయు దానికై ఉత్తరములు వ్రాసినది. విఱిగిన కాలు అదుకుచుండగనే, జూలై నెలలో బాగున్న ఎడమకాలి గిట్ట చెడినది. 2007 జనవరి 29వ తేదీన, బాధ తీరుమార్గము వేఱులేక, వైద్యులు దానికి శాంతిమరణము నిచ్చిరి. అంత ధనమును, అంత విద్యయు ఉన్నచోటనే యట్లు జరిగినది. మన గౌరికి సాలలో మెత్తగా ఇసుకయు గడ్డియు పఱచి, మంచికాలికిని ఊతముగా కట్టు కట్టి, దినమునకు రెండుమాఱులు నాలుగు గిట్టలను ఎత్తి శుభ్రపఱచి, వేడి యున్నదేమోనని అఱచేతితో తాకి చూచుచుండిరి.

మూడవ చిక్కు గాయమే. గుఱ్ఱపుకాలి దిగువభాగమున కండ లేదు. ఎముక, స్నాయువు, చర్మము మాత్రమే. అచ్చట గాయము మానుటకు బదులు ఎఱ్ఱని దుర్మాంసము పొంగి, చర్మము మూసికొనకుండ అడ్డుపడును. గౌరికిని అట్లే పొంగినది. వైద్యులు రెండుమాఱులు దానిని కోసి తీసివేసిరి. అందు నరములుండవు గనుక నొప్పి తెలియదట. నెత్తురు మాత్రము ధారలుగా కాఱును. మొదటిమాఱు చూచి నేను కన్నులు మూసికొంటిని. ఆ యిల్లాలు మాత్రము గౌరి చెవియొద్ద ఏదో మెల్లగా మాటలాడుచు కదలక నిలిచినది.

ఆమెకు అక్షరములు వచ్చునే గాని వ్రాత యలవాటు లేదు. అందుచే మావారి పాతనోటుపుస్తకమొకటి తీసి, గీతలు గీచి, నేను గౌరి దినచర్యను వ్రాయ మొదలిడితిని. తేదీ, జ్వరము, నాడి, మేత, నీరు, కాలివేడి, వాపు, ఇవి యందలి గడులు. నెమ్మదిగా నున్న గుఱ్ఱమునకు నాడి నిమిషమునకు 28 మొదలు 44 వఱకును, ఒంటివేడి 99 మొదలు 101 డిగ్రీలవఱకును ఉండవలెనని వైద్యులు చెప్పిరి. ఆమె చూచి చెప్పుట, నేను వ్రాయుట. పదిదినములు గడచునప్పటికి మేమిద్దఱము పుస్తకము చూచియే గౌరి మంచిచెడ్డలు గ్రహింప నేర్చితిమి. మాటవలన ఉద్రేకము కలుగును గాని వ్రాతవలన పోలిక తెలియును. మన యిండ్లలో జ్వరపడిన బిడ్డకును ఇట్టి పుస్తకమొకటి యుండుట మేలు.

మన పూర్వులు ఈ విద్యను చిన్నచూపు చూచినవారు కారు. శాలిహోత్రుడను ఋషి అశ్వశాస్త్రమునకు ఆద్యుడని ప్రతీతి. ఆయన పేరనే ఉత్తరదేశమున పశువైద్యుని సాలోత్రి యందురు. పాండవులలో నకులుడు విరాటుని కొలువున అశ్వపాలకుడై యజ్ఞాతవాసము గడపెను. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణవిలాసమను కావ్యమునే రచించెను. కౌటిల్యుడు అర్థశాస్త్రమున, వైద్యుని యశ్రద్ధచే గుఱ్ఱపువ్యాధి ముదిరినచో చికిత్సకైన వ్యయమునకు రెట్టింపు దండుగ విధించెను. యుద్ధముచేతను, రోగముచేతను, ముసలితనముచేతను పనికి తప్పిన గుఱ్ఱములకు గ్రాసము మాత్రము మానరాదని గూడ చెప్పెను.

వీనియన్నిటికంటెను నా మనస్సునకు హత్తినది ద్రోణపర్వములోని కథ. సైంధవుని ప్రొద్దుక్రుంకులోపల చంపెదనని అర్జునుడు ప్రతిజ్ఞ చేసిన దినమది. సూర్యుడు పడమటికి వాలుచున్నాడు. శత్రువులు చుట్టు నున్నారు. గుఱ్ఱములు బాణములు నాటి డస్సినవి. అట్టివేళ, క్షణమొక యుగమైనవేళ, వారు రథము నాపిరి. అర్జునుడు బాణములతో భూమిని చీల్చి నీరు పుట్టించి, బాణములతోనే మఱుగు కట్టెను. కృష్ణుడు గుఱ్ఱములను విప్పి, నాటిన బాణములను తన చేతులతో పెఱికి, ఒడలు నిమిరి, పొరలించి, నీరు త్రాగించి, కడిగి, మేపి, సేదదీఱిన పిదపనే మరల కట్టెను. ప్రతిజ్ఞ చెడునేమో యని తొందరపడి తోలినచో ఆ రథము సైంధవునివఱకు చేరియుండునా? నేనొకనాటి సాయంకాలము సాలవాకిట కూర్చుండి ఈ కథ చెప్పగా ఆ యిల్లాలు విని, "ఈ మాట మా ఆయనకీ ఓసారి చెప్పండమ్మగారూ" అన్నది. ఆమె అట్లనుటకు కారణము కలదు.

పుష్యమాసము శూన్యమాసము గనుక పెండ్లిండ్లు లేవు. సంక్రాంతి గడచిన తరువాత వైద్యుల యనుమతిపై గౌరిని పగ్గము పట్టి నడిపింప నారంభించిరి. మొదటివారము పూటకు అయిదు నిమిషములు. రెండవవారము పది. ఆమె గడియారము చూచి నడిపించెడిది. గౌరి కాలు కుంటక చక్కగా వేయుచుండెను. కుట్లచోట చర్మము మూతపడుచుండెను. చూచువారందఱును "ఇంకేమి, బాగైపోయినది" అనుచుండిరి. ఇంతలో మాఘమాసపు ముహూర్తములు వచ్చినవి. మూడునెలల అప్పు వడ్డీతో పెరిగి కూర్చున్నది. ఒక ధనికుల యింటివారు ముందుగానే పైకము చేతిలో పెట్టిరి. "ఒక్క గంట నడకే గదా, రోజూ నడుస్తూనే ఉందిగా" అని భర్త. "నడవడం వేరు, మనిషిని మోయడం వేరు" అని భార్య. ఆ రాత్రి వారి యింట అన్నము వండలేదు. తెల్లవారి యతడు గౌరికి జీను వేసి తీసికొనిపోయెను.

అతనిని నేను నిందింపజాలను. పిల్లల బడిరుసుము చెల్లించు దినము దగ్గఱపడినది. అన్నము పెట్టునది గుఱ్ఱమైనపుడు దాని కుంటును చూచుటకన్న ఇంటిలోని లోటును చూచుట సులభము. ఒక్క గంటయన్న ఊరేగింపు మూడు గంటలైనది. పెండ్లికుమారుడు బరువైనవాడు. నడిరాత్రికి గౌరి మూడుకాళ్లమీద ఇల్లు చేరినది. కాలు మడమనుండి గిట్టవఱకు ఉబ్బి, మూతపడిన చర్మము అంగుళము మేర మరల విచ్చుకొన్నది. మఱునాడు వైద్యులు వచ్చి చూచి, కోపపడలేదు. "పైచర్మము మానుట మీకు కనబడును. లోపలి స్నాయువు మానుట కనబడదు. మూడునెలలకు అది అతికియుండును గాని బలపడియుండదు. బలపడుటకు తొమ్మిది మొదలు పండ్రెండు నెలలు పట్టవచ్చును" అని మాత్రము చెప్పి, ఇంకొక నెల సాలవాసము విధించిరి. అల్ట్రాసౌండు పరీక్షలో లోపలి పోగులు ఇంకను చెదరియుండుట యతనికి తెరపై చూపిరి. అది చూచి యతడు తలవంచుకొని వచ్చి, భార్య చేతిలో పగ్గము పెట్టి, "ఇంక నువ్వు ఎప్పుడంటే అప్పుడే" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆఱేండ్ల క్రిందట నా రెండవకాన్పు శస్త్రచికిత్సతో జరిగినది. పదునొకండవనాడే నేను లేచి నీళ్లబిందె ఎత్తితిని. ఎవరును నన్ను ఎత్తుమనలేదు. "తిరుగుచున్నది గదా" యని యెవరును వలదనియు ననలేదు. ఇంటనిండ చుట్టములు. నేను కూర్చుండుట నాకే సిగ్గుగా తోచినది. కుట్టు విచ్చుకొని, చీముపట్టి, మరల నెలదినములు మంచమెక్కితిని. ఆ నెలలో బిడ్డకు పాలు తగ్గినవి. గౌరి కాలిని చూచినప్పుడు నా కడుపుపై మచ్చ నాకు గుర్తునకు వచ్చినది. లేచి తిరుగుట వేఱు, పనికి సిద్ధపడుట వేఱు. ఈ రెంటి నడుమ నున్న కాలమునే మనవారు బాలింతతనమని పేరుపెట్టి, నోటితో మన్నించి, చేతలలో మఱచిపోవుచున్నారు.

ఉగాదినాడు నోటుపుస్తకములో క్రొత్తపుట తీసి మరల మొదటినుండి యారంభించితిమి. ఈమాఱు క్రమమిట్లు సాగినది. చైత్రమాసపు మొదటివారము ఉదయము అయిదు, సాయంకాలము అయిదు నిమిషములు చేతినడక. వారమునకు అయిదు నిమిషముల చొప్పున పెంచుచు వైశాఖము ముగియునప్పటికి పూటకు నలువది నిమిషములు. నడక ఎల్లప్పుడును గట్టిగా చదునుగా నున్న నేలపైననే. బురద కాలిని పట్టి లాగును, లోతు ఇసుక స్నాయువును అలయించును. ఎండకు ముందే, బండ్లసందడి లేనివేళ, కాలువబాటవెంట ఆ యిల్లాలు గుఱ్ఱమును నడిపించుకొని పోవుచుండగా ముంగిట కల్లాపి చల్లు స్త్రీలందఱును పలుకరించెడివారు. నడకకు మఱునాటి యుదయమున రెండుకాళ్లను తాకి పోల్చిచూచుట నియమము. వేడి గాని వాపు గాని హెచ్చినచో ఆ వారము పెంపు లేదు, వెనుకటివారపు నడకయే. ఇట్లు రెండుమాఱులు ఆగవలసివచ్చినది. ఆగిన రెండుమాఱులును ఆమె నొచ్చుకొనలేదు.

జ్యేష్ఠమున మరల పరీక్ష చేసి పోగులు చక్కబడినవని వైద్యులు చెప్పిన పిదప, మొదట ఒట్టిజీను వేసి నడిపించిరి. ఏడునెలలు జీను లేని వీపు మెత్తబడియుండును. ఒక్కమాఱుగా బిగించినచో పుండ్లు పడును. పిదప వారి చిన్నపిల్లవానిని ఎక్కించి అయిదు నిమిషములు. ఆపై చిన్నపరుగు, నిమిషము మాత్రము, తిన్ననిబాటలోనే. పని పెరిగినకొలది ఉలవలను గుప్పెడు గుప్పెడుగా మరల కలిపిరి. మేతకన్న పని ముందుండవలెను గాని పనికన్న మేత ముందుండరాదని వైద్యుల మాట. ఆషాఢమున పెండ్లిండ్లు లేకుండుట మాకు దేవుడిచ్చిన గడువైనది.

ఇక మిగిలినది భయము. కాలు మానినను గౌరి మనస్సు మానలేదు. స్కూటరు హారను మ్రోగినను ఒడలెల్ల వణకి చెమట పట్టెడిది. టపాకాయల చప్పుడు వినజాలని పెండ్లిగుఱ్ఱము ఏమి పనికివచ్చును? దీనికిని తొందర పనికిరాదని తెలిసికొంటిమి. వీధిలోనే బ్యాండుమేళమువారొకరు గలరు. వారు సాధన చేయునప్పుడు గౌరిని చాలదూరమున, వినీ వినబడనిచోట, మేత వేసి నిలుపుచు, అది తలయెత్తక మేయునప్పుడు మాత్రమే నాలుగడుగులు దగ్గఱకు తెచ్చుచు, నెలన్నరకు మేళము ప్రక్కనే నిలువబెట్టగలిగిరి. టపాకాయలకు మాత్రము అలవాటు చేయలేదు. గౌరి నడచుచున్నంతసేపు టపాకాయలు కాల్చరాదని ముందుగానే పెండ్లివారికి చెప్పుట సులభమని ఆ యిల్లాలు నిశ్చయించినది.

ఈ సందర్భమున లండనునగరపు సెఫ్టను కథ చెప్పక తీఱదు. 1982 జూలై 20వ తేదీన హైడుపార్కు చెంత రాణీగారి అశ్వదళము పోవుచుండగా మేకులు నింపిన బాంబు ప్రేలినది. నలుగురు సైనికులును, ఏడు గుఱ్ఱములును మరణించిరి. సెఫ్టను అను పందొమ్మిదేండ్ల గుఱ్ఱమునకు ముప్పదినాలుగు గాయములు. మెడలోని పెద్ద రక్తనాళము తెగినది. ఒక సైనికుడు చొక్కాతో ఆ గాయమును అదిమిపట్టగా, సాలకు చేర్చి శస్త్రచికిత్స చేసిరి. బ్రదుకు ఆశ సగము సగమేనన్నారు. జనులు పంపిన ధనము ఆఱులక్షల పౌనులు దాటినది. దానితో రాయల్ వెటర్నరీ కాలేజీలో సెఫ్టను పేర శస్త్రచికిత్సాభవనము కట్టిరి. ఆ ముసలిగుఱ్ఱము కొలది నెలలకే కోలుకొని మరల కొలువునకు వచ్చి, తాను గాయపడిన ఆ బాటవెంటనే పలుమాఱులు నడచినదట. 1984లో విశ్రాంతి నిచ్చిరి. పిమ్మట తొమ్మిదేండ్లు పచ్చికలో సుఖముగ నుండి ముప్పదేండ్ల వయస్సున 1993లో మరణించినది. మేము గౌరి నడకకు బోవునపుడు ఈ కథను పిల్లలకు చెప్పెడివారము. వారు మాత్రము సెఫ్టను సంగతి విని, బార్బరో సంగతి వద్దనెడివారు. నేను రెండును చెప్పితిని. ఓర్పు ఉన్నచోటనెల్ల ఫలము కలుగునని చెప్పుట అబద్ధము. ఓర్పు లేనిచోట ఫలము లేదని మాత్రము చెప్పవచ్చును.

శ్రావణమాసమున మొదటి పెండ్లి వచ్చినది. మా వీధికి రెండు వీధుల దూరమే. మాటలాడవచ్చిన పెద్దమనిషిని ఆ యిల్లాలు తలుపుచాటునుండియే అడిగిన మొదటి ప్రశ్న "పెళ్లికొడుకు బరువెంతండీ?" యన్నది. ఆయన తెల్లబోయి, పిదప నవ్వెను. గుఱ్ఱము తన బరువులో అయిదవవంతుకు మించి, జీనుతో సహా, మోయరాదని సామాన్యసూత్రము. గౌరి మూడువందల కిలోలది. కావున అఱువది. వరుడు జీనులేకయే డెబ్బదియట. "అయితే గుడిదాకా ముందు నడుస్తుంది. గుడి దగ్గర ఎక్కి, పటం తీయించుకుని దిగిపోండి" అని ఆమె తీర్పు చెప్పినది. పెండ్లివారు ఒప్పుకొనిరి. పైకము కొంచెము తగ్గించిరి. భర్త నోరెత్తలేదు.

ఆ సాయంకాలము గౌరి మెడలో పూసలపేరుతో, నుదుట కుచ్చుతో, మేళము వెనుక నెమ్మదిగా నడచిపోవుచుండగా మేమందఱము అరుగులమీద నిలిచి చూచితిమి. కుడికాలు వేయునప్పుడు గిట్టను కొంచెము ఎక్కువగా విసరుట తెలిసినవారికి మాత్రము కనబడును. అది కుంటు కాదు, క్రొత్తగా నేర్చిన నడక. మఱునాటి యుదయమున ఆమె కాళ్లు తాకిచూచి వచ్చి, "వేడి లేదమ్మగారూ, రాసుకోండి" అన్నది. ఆ మాట వ్రాసిన పుటతో ఆ నోటుపుస్తకము నిండినది.

సోదరీమణులారా! మన యిండ్లలో గుఱ్ఱము లేకపోవచ్చును. కాని గుఱ్ఱమునకు ఋణపడని యిల్లు అరుదు. 1890లో బేరింగు, కిటసాటో యను విద్వాంసులు ధనుర్వాతమునకును, కంఠసర్పికిని విఱుగుడు రక్తద్రవమునందు కలదని కనిపెట్టిన పిదప, ఆ విఱుగుడును గుఱ్ఱముల నెత్తురునుండి తీసి వేలకొలది బిడ్డలను బ్రదికించిరి. నేటికిని మన గోదావరి చేలలో పాముకాటు తిన్న కూలికి ఆసుపత్రిలో ఎక్కించు మందు గుఱ్ఱపు నెత్తురునుండి వచ్చినదే. పుండుతో గాని, కుంటుతో గాని, రోగముతో గాని యున్న జంతువుచే పని చేయించుట 1960 నాటి చట్టము ప్రకారము నేరము. కాని చట్టము ప్రతి సాలవాకిటను నిలువజాలదు. ఎద్దు మెడపై పుండు చూచినపుడు, ఊరేగింపులో కుంటుచున్న గుఱ్ఱమును చూచినపుడు "ఈ పూటకు వలదు" అనుటకు మనమే నోరు విప్పవలెను. మన పెండ్లిండ్లలో గుఱ్ఱమును పిలిచినపుడు దాని ప్రక్క టపాకాయలు కాల్పకుండుటయు, ఒక గంటయని చెప్పి మూడు గంటలు నిలుపకుండుటయు మన చేతిలోని పనులే.

మఱియొక్క మాట. మీ యింట ఎవరైన కాన్పునుండి గాని శస్త్రచికిత్సనుండి గాని లేచినపుడు, ఆమె నడచుచున్నదని చూచి బిందె చేతికియ్యకుడు. ఆమెయే అందుకొనబోయినను వారింపుడు. గౌరికి దొరికిన తొమ్మిదినెలలు కాకున్నను, వైద్యులు చెప్పిన గడువైనను ఆమెకు దొరకునట్లు చూడుడు.

— ఒక గృహిణి, తణుకు